గేటు దగ్గర పిన్ని

ఆ జట్టులో అందరూ ఆమెను పిన్ని అనేవారు. కోచ్ ఆమె కన్నా వయసులో పెద్దవాడు, అయినా ఆయనా పిన్నీ అనే పిలిచేవాడు. ఆడవాళ్ళ మంచు హాకీలో అది దేశం జట్టు. దేశం జట్టు అంటే వినేవాళ్ళకు పెద్దగానే తోస్తుంది. కానీ ఆ ఆట ఆడే దేశాలన్నిటినీ మెట్ల మీద వరసగా నిలబెడితే వీళ్ళది అట్టడుగు మెట్టు. ఆ మెట్టు మీద ఉన్నవాళ్ళంతా ఏడాదికోసారి ఏదో ఒక ఊళ్ళో చేరి వారం పాటు తమలో తాము ఆడుకుంటారు. అందరినీ గెలిచినవాళ్ళు ఒక మెట్టు పైకి పోతారు. వీళ్ళు ఎప్పుడూ పోలేదు. కిందికి దిగుదామంటే ఇంకో మెట్టు లేదు.

పిన్ని ఆ జట్టుకు రెండో గోల్‌కీపరు. మంచు చుట్టూ నడుమెత్తు చెక్కగోడ ఉంటుంది. గోడ వెనక బెంచీ, బెంచీ చివర చిన్న గేటు. ఈ ఆటలో ఎవరూ ఎక్కువసేపు పరిగెత్తలేరు, ఊపిరి అందదు. కాసేపు ఆడి లోపలికి వస్తారు, ఇంకొకరు బయటికి దూకుతారు. అలసి వచ్చేవాళ్ళకు గేటు తీయడం, వాళ్ళు లోపలికి పడగానే మూయడం, నీళ్ళ సీసా చేతికివ్వడం పిన్ని పని. ప్యాడ్లన్నీ కట్టుకుని, హెల్మెట్ నెత్తి మీదికి ఎత్తిపెట్టుకుని, ఏళ్ళ తరబడి ఆ పనే చేస్తోంది. దేశం తరఫున ఒక్క నిమిషం కూడా గోలులో నిలబడలేదు. వచ్చే ఏడాదికి ఆ చోటుకు ఇంకో అమ్మాయిని తెస్తున్నారని, పిన్నికి ఇదే ఆఖరని అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. అనకుండా ఉండటంలోనే అంతా అనేశారు.

మూడో మ్యాచ్ కూడా పోయేటట్టే ఉంది. ఎదుటి జట్టు ఆడపిల్లలు ఒక్కొక్కరు తలుపు రెక్కంత ఉన్నారు. నల్ల రబ్బరు బిళ్ళ వీళ్ళ గోలు ముందు నుంచి కదలడం లేదు.

"పిన్నీ, గేటు!" అంటూ వచ్చి పడింది రేడియో. వ్యాను నడుపుకుంటూ ఇళ్ళకు పార్సిళ్ళు చేరవేసే మనిషి. నిద్రలో కూడా నోరు మూయదని ఆ పేరు పెట్టారు. "నా కాళ్ళు నా దగ్గర లేవు. అక్కడే ఎక్కడో పడిపోయి ఉంటాయి, ఎవరన్నా చూసి తెచ్చిపెట్టండి."

పిన్ని సీసా ఇచ్చింది గానీ చూపు మాత్రం గోలు మీదే ఉంచింది. గోలులో ఉన్నది పిల్ల. జట్టులో అందరికన్నా చిన్నది కాబట్టి పిల్ల అయింది. ఈ పిల్ల లేకపోతే ఈపాటికి వీళ్ళ పరువు ఇంకా పల్చన అయ్యేది. రెండు మోకాళ్ళూ లోపలికి మడిచి ధబాలున మంచు మీద కూలబడుతుంది. బిళ్ళ ప్యాడుకు తగిలి పక్కకు పోతుంది. లేస్తుంది, మళ్ళీ కూలబడుతుంది. ఎదుటివాళ్ళు కూడా కర్రలతో గోడ తట్టి మెచ్చుకుంటున్నారు.

పిల్ల కూలబడటం అందరూ చూస్తారు. లేవడం ఎవరూ చూడరు. అప్పటికి బిళ్ళ ఇంకెక్కడికో పోయి ఉంటుంది, కళ్ళన్నీ దాని వెంట పోతాయి. ఏ పనీ లేని పిన్ని లేవడం కూడా చూసేది. పిల్ల ఎప్పుడూ ఎడమకాలు ముందు పెట్టి లేచేది. ఇవాళ కుడికాలు పెట్టి లేస్తోంది. ఎడమకాలు మిగతా ఒంటి వెనక, తనది కానట్టు, ఈడ్చుకుంటూ వస్తోంది.

మ్యాచ్ పోయింది. గెలిచినవాళ్ళ జెండా ఎగరేసి, వాళ్ళ పాట వేశారు. వీళ్ళు మంచు మీది గీత వెంట వరసగా నిలబడి విన్నారు. పిల్ల ఒంటికాలి మీద బరువు వేసి నిలబడింది.

వీళ్ళను దించింది చదువుకునే పిల్లల హాస్టలులో. సెలవులకు గదులు ఖాళీ అయ్యాయట. ఆ సాయంత్రం పిన్ని మెట్ల పక్కన వరండాలో కుర్చీ వేసుకుని పిల్ల ప్యాడు ఒళ్ళో పెట్టుకుంది. పిన్ని ఊళ్ళో చేసేది బస్సుల షెడ్డులో, చిరిగిన సీట్లు కుట్టే పని. సూదులు, మైనం పట్టించిన దారం ఎక్కడికి పోయినా వెంట తెచ్చుకుంటుంది. ప్యాడు అంచు మోకాలి దగ్గర విడిపోయింది. తోలు పొడిచే ఆరతో ముందు బెజ్జం పొడిచి, ఆ బెజ్జంలోంచి రెండు సూదులూ ఎదురెదురుగా దూర్చి, రెండు చేతులా లాగి బిగించింది. ఒక పక్క దారం తెగినా ఇంకో పక్కది పట్టి ఉండే కుట్టు అది. ఇంకా రెండు మ్యాచ్‌లకు ఢోకా లేదు.

పైనుంచి ఎవరో దిగుతున్న చప్పుడయింది. ఒక అడుగు, ఆగడం, ఇంకో అడుగు. తలెత్తి చూసింది. పిల్ల కమ్మీ పట్టుకుని, వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు మెట్లు దిగుతోంది.

"ఎప్పటి నుంచే?" అంది పిన్ని.

పిల్ల ఉలిక్కిపడింది. "ఏది?"

"అదే. ఆ దిగడం."

"సరదాకి."

"సరదాకి మొహం అలా పాలిపోతుందా?"

పిల్ల ఆఖరి మెట్టు మీద కూర్చోబోయి, ఆగి, గోడకు ఆనుకుంది. అటూ ఇటూ చూసింది. "ఇక్కడికి రాకముందు నుంచే. ప్రాక్టీసులో తుంటి దగ్గర ఏదో కలుక్కుమంది. కూర్చున్నప్పుడు ఏం లేదు పిన్నీ. లేచేటప్పుడే."

"సార్‌కి చెప్పావా?"

"చెప్తే ఆడనిస్తారా?"

పిన్ని దారం కొరికింది. పిల్ల దగ్గరగా వచ్చి గొంతు తగ్గించింది.

"ఆ క్లబ్బావిడ చివరి మ్యాచ్‌కి వస్తోంది. తెలుసు కదా నీకు. అంత పెద్ద క్లబ్బు నుంచి, రైలెక్కి, నన్ను చూడ్డానికే వస్తోంది, నచ్చితే తీసుకుంటారు. మన జట్టు చూడ్డానికి ఇంతవరకూ ఎవరన్నా వచ్చారా? ఇంకో రెండు మ్యాచ్‌లు. ఆ తర్వాత కాలు ఊడి కింద పడ్డా నేను ఏడవను."

"ఊడి పడ్డాక ఆ క్లబ్బులో ఏం పెట్టుకుని ఆడతావ్?"

"ఊడదులే. మాటవరసకి అన్నా."

"ఇవాళ ఎన్ని మాత్రలు మింగావ్?"

పిల్ల చూపు తిప్పుకుంది. "నువ్వు సార్‌కి చెప్పలేవులే," అంది.

"ఎందుకు చెప్పలేను?"

"నేను ఆడకపోతే ఎవరు ఆడతారు? నువ్వే కదా. దాని చోటు కోసం దాని మీద చాడీ చెప్పింది అనరా? నువ్వు మాట పడే మనిషివి కాదు."

బెదిరించాలని అన్న మాట కాదు. ఉన్నమాటే అంది. ఉన్నమాట కాబట్టే తగలాల్సిన చోట తగిలింది. పిన్ని ప్యాడు పిల్ల చేతికి ఇవ్వబోయి, మళ్ళీ తానే తీసుకుపోయి దాని గదిలో పెట్టి వచ్చింది. ఆ ప్యాడు బరువు మోయలేక పిల్ల పళ్ళు బిగపట్టడం ఆమె చూడదల్చుకోలేదు.

మర్నాడు మ్యాచ్ లేదు. పొద్దున్న కాసేపు ప్రాక్టీసు. కోచ్ పిల్లను విశ్రాంతి తీసుకోమని పిన్నిని గోలులో నిలబెట్టాడు. అందరూ వరసకట్టి బిళ్ళలు కొట్టారు. ప్రాక్టీసులో ఎన్ని వేల బిళ్ళలు ఆపిందో ఆమెకే తెలియదు. భుజం మీద, మోచేతి మీద ఆ గుర్తులు మాత్రం షెడ్డులో తోటివాళ్ళకు తెలుసు. "మీ ఆయన కొడుతున్నాడా" అని ఒకావిడ రహస్యంగా అడిగింది కూడా. మా ఆయన ఈగను కూడా తోలడు అంటే నమ్మలేదు.

ఆడుతున్నంతసేపూ పిన్ని లోపల ఒకటే గొడవ. చెప్పాలి. చెప్పాలని ఇంత గట్టిగా అనిపిస్తోంది ఎవరి కోసం? పిల్ల కోసమేనా? తన కోసం కాదూ? బస్సు సీటులో పై గుడ్డ, లోపలి గుడ్డ ఏళ్ళ తరబడి చెమటకు అతుక్కుపోయి, దేన్ని పట్టి లాగినా రెండోది వెంట వస్తుంది. అలా అయింది ఆమె మనసు. విడదీద్దామని చూసింది, రాలేదు. రాకపోయేసరికి నోరు మూసుకుంది.

నాలుగో మ్యాచ్‌కు పిల్లే దిగింది. ప్యాడ్లు కట్టుకునేటప్పుడు వంగలేకపోతే పిన్ని మోకాళ్ళ మీద కూర్చుని పట్టీలు బిగించింది. కెప్టెను చూసి, "రాణిగారికి సేవలు," అని నవ్వింది. కెప్టెన్ని అందరూ టీచరమ్మ అంటారు. బడిలో లెక్కలు చెబుతుంది. గోలుకు ముందు అడ్డుగోడలా నిలబడే ఆట ఆమెది.

ఈ ఆట మూడు భాగాలుగా సాగుతుంది. రెండో విరామం అయ్యాక ఒక దెబ్బ ఆపి పిల్ల కూలబడింది. బిళ్ళ మూలకు పోయింది, అందరూ మూలకు పోయారు. పిల్ల లేవలేదు. కర్ర పక్కన పడేసి, వెనక్కి చేయి చాచి గోలు స్తంభం పట్టుకుని, దాన్ని పట్టుకుని ఒళ్ళు పైకి లాక్కుంది. ఆ లాక్కోవడంలో ఒక్క క్షణం హెల్మెట్ కమ్మీల వెనక నోరు తెరుచుకుంది. అరుపు మాత్రం బయటికి రాలేదు.

పిన్ని బెంచీ అటూ ఇటూ చూసింది. కోచ్ మూలకేసి చూసి అరుస్తున్నాడు. రేడియో నీళ్ళు తాగుతోంది. ఎవరూ చూడలేదు. తానొక్కతే చూసింది. ఒక్కతే చూసినందుకు ఆ బరువంతా తన మీదే పడింది.

ఆ మ్యాచ్ కూడా పోయింది.

తడిసిన సామాను ఆరబెట్టడానికి కింద ఒక వేడిగది ఉంది. గోడల నిండా గొట్టాలు, గొట్టాల మీద చొక్కాలు, చేతి తొడుగులు. చెమట వాసనకు కళ్ళు మండుతాయి. కోచ్ అక్కడ ఒంటరిగా చొక్కాలు దులిపి ఆరేస్తున్నాడు. ఈ జట్టుకు కోచ్ అంటే అన్నీ ఆయనే. పట్టీలు కట్టేదీ, బస్సు మాట్లాడేదీ, చొక్కాలు ఆరేసేదీ. వైద్యుణ్ణి పంపుతామన్న హాకీ సంఘం వాళ్ళు ఆఖర్న చేతులెత్తేశారు.

పిన్ని పక్కన నిలబడి ఒక చొక్కా అందుకుంది. దులిపి గొట్టం మీద వేసింది. ఇంకోటి అందుకుంది.

"సార్, పిల్ల తుంటి పాడైంది," అంది.

కోచ్ చేతులు ఆగాయి.

"లేవలేకపోతోంది. ఇవాళ స్తంభం పట్టుకుని లేచింది. మాత్రలు మింగి ఆడుతోంది. రేపటి మ్యాచ్ ఆడితే ఇక ఆడలేదేమో."

ఆయన చొక్కా మీది అంకె కేసి చూశాడు. ఆ తర్వాత అన్నాడు. "పిన్నీ, ఒకటి అడుగుతా, ఏమీ అనుకోకు. ఇన్నేళ్ళు ఓపిక పట్టావ్. రేపు ఆ పిల్ల బతుకు మారే రోజు. ఈ ఒక్కరోజు పట్టలేవా?"

 ఆ మాట కోసం పిన్ని ముందే సిద్ధపడి వచ్చింది.

"నాకు గోలులో నిలబడాలని ఉందా అని కదా అడుగుతున్నారు? ఉంది. ఎందుకు ఉండదు? దాని తుంటి పాడైంది. అదీ నిజమే, ఇదీ నిజమే. నన్ను దింపొద్దు. టీచరమ్మకు ప్యాడ్లు కట్టి నిలబెట్టండి, నేను గేటు తీస్తా. పిల్లను మాత్రం దింపొద్దు."

"టీచరమ్మ గోలులో ఏం చేస్తుంది?"

"ఏదో ఒకటి చేస్తుంది. మనకు పోవడం కొత్తా?"

ఆయన నవ్వబోయాడు, రాలేదు. మిగిలిన చొక్కాలు అలాగే బుట్టలో వదిలేసి పైకి నడిచాడు.

బట్టలు మార్చుకునే గదిలో అందరూ ఉన్నారు. కోచ్ పిల్లను నేల మీద కూర్చోమన్నాడు. పిల్ల గోడ పట్టుకుని కూర్చుంది. "చేతులు ఆనించకుండా లే," అన్నాడు.  పిల్ల కుడికాలు మడిచి సగం లేచింది. ఎడమకాలి మీదికి బరువు రాగానే చెయ్యి తనంతట తానే గోడ మీదికి పోయింది. చెయ్యి తీసేసి ఇంకోసారి ప్రయత్నించింది. ఈసారి సగం కూడా లేవలేదు. అక్కడే నేల మీద కూర్చుండిపోయి, కోచ్‌ను కాదు, తలుపు దగ్గర ఉన్న పిన్నిని చూసింది.

"సంతోషమా?" అంది.



భోజనాల దగ్గర పిన్ని పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఎదుటి కుర్చీ కూడా. ఉడికించిన బంగాళదుంపలు, చప్పటి సూపు. ఆ చివరి నుంచి రేడియో చెయ్యి చాచింది.

"పిన్నీ, ఆ ఉప్పు ఇటు ఇవ్వు. గోలు ఎలాగూ నువ్వు తీసుకున్నావ్."

ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వి, వెంటనే తలలు వంచుకున్నారు. పిన్ని ఉప్పు జరిపింది.  పళ్ళెంలో ఏమీ మిగల్చకుండా తిన్నది. తినకుండా లేస్తే తప్పు ఒప్పుకున్నట్టు ఉంటుందనిపించింది.

చేతులు కడిగే చోట టీచరమ్మ పట్టుకుంది. "చెప్పడం తప్పు అనను. ముందు నాకు చెప్పాలి కదా? కెప్టెన్ని నేను. నేరుగా సార్ దగ్గరికి ఎందుకు పోయావ్?"

"నీకు చెప్తే ఒక్క మ్యాచే కదా, ఆగు అనేదానివి."

"అనేదాన్నే."

"నేను ఆగేదాన్ని," అంది పిన్ని. "అందుకే చెప్పలేదు."

టీచరమ్మ చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

చివరి మ్యాచ్‌లో ఎదుటివాళ్ళు కూడా వీళ్ళలాంటి వాళ్ళే. వాళ్ళూ అన్నీ ఓడి వచ్చారు. ఇది గెలిస్తే ఆఖరి స్థానం తప్పుతుంది, అంతే. గోలులోకి కోచ్ పిన్నినే దింపాడు. బెంచీ మీద రెండో కీపరు ఉండి తీరాలని నియమం. అందుకని పిల్ల కూడా ప్యాడ్లు కట్టించుకుని గేటు దగ్గర కూర్చుంది. ఎవరు కట్టారో పిన్ని చూడలేదు. పై వరసల్లో బూడిదరంగు కోటావిడ ఒకతె వచ్చి కూర్చుంది. క్లబ్బావిడ ఆవిడేనని అందరికీ అర్థమైంది.

ఆట మొదలయ్యే ముందు ఒక్కొక్కరూ వచ్చి కర్రతో కీపరు ప్యాడ్లు తట్టి పోవడం అలవాటు. ఇవాళ కొందరు తట్టారు, తట్టకపోతే బాగుండదని. కొందరు దూరం నుంచే కర్ర ఊపారు. రేడియో చూడనట్టు దాటిపోయింది.

పిన్ని స్తంభాలు రెండూ ఒకసారి తడుముకుని నడుమ నిలబడింది. ఇన్నేళ్ళూ ఆటను పక్క నుంచి చూసింది. ఇప్పుడది ఎదురుగా ఆమె మీదికే వస్తోంది. తెలియకుండానే వల వైపు వెనక్కి జరిగింది. రెండో బిళ్ళో మూడో బిళ్ళో, అంత గట్టిది కూడా కాదు, కాళ్ళ సందులోంచి దూరిపోయింది. వెనక వల కదిలిన చప్పుడు సన్నగా వినిపించింది. వాళ్ళ బెంచీ ఎగిరి గంతులేసింది.

బిళ్ళ తీసి ఇస్తుంటే టీచరమ్మ జారుకుంటూ వచ్చింది. తిడుతుందనుకుంది పిన్ని.

"ఎడమవైపు నేను చూసుకుంటా," అంది టీచరమ్మ ఆయాసంతో. "కుడి నీది. ముందుకు రా, వెనక్కి పోతున్నావ్."

అంతే. ముద్దుగా అన్న మాట కాదు, పని మాట. ఆ పని మాటతో పిన్ని కుదుటపడింది. ముందుకు వచ్చింది. ఒకటి భుజంతో ఆపింది. ఒకటి ప్యాడుకు తగిలి పైకి లేస్తే అరచేతితో నొక్కిపట్టింది. ఒకటి మెడ కింద తగిలితే ఊపిరి ఆడలేదు. అయినా బిళ్ళ మీద పడుకుని ఈల ఊదేదాకా లేవలేదు. మోకాళ్ళు మంటలెత్తుతున్నాయి. ఒంట్లో ఏ ఎముక ఎక్కడుందో వేరువేరుగా తెలుస్తోంది. అయినా అక్కడి నుంచి కదలాలని లేదు. ఈ చోటు ఇంత ఇరుకని, ఇరుకులోనే ఇంత పని ఉందని బెంచీ మీద కూర్చున్నన్నాళ్ళూ తెలియలేదు.

మొదటి విరామంలో బూడిదరంగు కోటావిడ బెంచీ దగ్గరికి దిగి వచ్చింది. కోచ్ ఏదో చెప్పాడు. ఆవిడ పిల్ల వైపు తల ఊపింది, పిల్లా ఊపింది. మళ్ళీ ఆట మొదలయ్యేసరికి పై వరసల్లో ఆ కుర్చీ ఖాళీగా ఉంది. ఆ తర్వాత కూడా ఖాళీగానే ఉంది. పిన్ని అటు చూడకూడదనుకుంటూనే చూసింది.

నడిమి భాగంలో వీళ్ళది ఒక గోలు పడింది. ఎవరి కర్రకు తగిలి పోయిందో కొట్టినవాళ్ళకే తెలియదు. ఒకటి ఒకటి. బెంచీ మీద అందరూ లేచి నిలబడ్డారు, పిల్ల ఒక్కతి తప్ప.

అలాగే చాలాసేపు నడిచింది. ఆఖరి నిమిషాల్లో ఎదుటి జట్టు అమ్మాయి కొట్టిన బిళ్ళ టీచరమ్మ స్కేటుకు తగిలి దారి మళ్ళింది. పిన్ని కుడికి పోయింది, బిళ్ళ ఎడమకు పోయింది. రెండు ఒకటి.

మళ్ళీ ఆట మొదలైంది. బిళ్ళ ఆ చివరకు పోయింది. గడియారం ఆఖరి నిమిషంలోకి దిగింది. అప్పుడు పిన్ని బెంచీ వైపు చూస్తే కోచ్ గోడ మీదికి వంగి చెయ్యి ఊపుతున్నాడు. రా, బయటికి రా అని. తన కోసమే.

ఒక గోలు వెనకబడి, ఆట అయిపోవస్తుంటే, కీపర్ని బయటికి పిలిచి ఆమె బదులు ఆడే మనిషిని ఒకర్ని ఎక్కువ పంపడం ఈ ఆటలో మామూలే. పిన్నికి తెలియదా? టీవీలో ఎన్నోసార్లు చూసింది. కానీ ఈ జట్టు ఎప్పుడన్నా ఒక్క గోలు వెనకబడితే కదా! పదో పన్నెండో వెనకబడ్డవాళ్ళు కీపర్ని పిలిచి ఏం బావుకుంటారు? ఎప్పుడూ చేయలేదు, ప్రాక్టీసులో అనుకోనూ లేదు. అందుకని ఆ ఊపుతున్న చేతికి పిన్నికి ఒకటే అర్థం తోచింది. గోలు ఇచ్చింది కాబట్టి తనను తీసేస్తున్నారు. తన బదులు పిల్లను దింపుతున్నారు.

తీసేస్తే తీసేశారు. కానీ ఆ తుంటితో దాన్నా?

పిన్నికి ఒళ్ళు మండింది. ఆ ప్యాడ్ల బరువుతో ఆమె అంత జోరుగా ఎప్పుడూ పోలేదు. ఎదురుగా గేటు తెరుచుకుంది. తెరిచింది పిల్లే. పిన్ని గేటులోకి పోలేదు. గేటు మధ్యలో అడ్డంగా ఆగి, రెండు చేతులతో అటూ ఇటూ గోడ పట్టుకుంది.

"రావద్దు!" అని అరిచింది. "కూర్చో! కదిలావంటే కాళ్ళు విరగ్గొడతా. సార్, దీన్ని దింపితే ఊరుకునేది లేదు. నన్ను తీసేసి ఇంకెవరినైనా పెట్టుకోండి. వల ఖాళీగా వదిలేయండి. దీన్ని మాత్రం పంపనివ్వను!"

ఆమె భుజం పక్క నుంచి గోడ మీదుగా రేడియో మంచు మీదికి దూకేసింది. దూకుతూ వెనక్కి తిరిగి పిన్ని మొహం చూసింది. మొట్టమొదటిసారి రేడియోకు మాట రాలేదు. తిరిగి ఆ చివరకు పరిగెత్తింది.

"ఖాళీగానే వదిలాం పిన్నీ," అన్నాడు కోచ్. "లోపలికి రా. ఇంకొకర్ని ఎక్కువ పంపడానికే పిలిచా."

పిన్ని వెనక్కి తిరిగి చూసింది. ఈ చివర వల ఉంది, దాని ముందు ఎవరూ లేరు. ఆ చివర తమవాళ్ళు ఆరుగురూ ఉన్నారు. మెల్లగా చేతులు గోడ మీద నుంచి తీసింది. లోపలికి అడుగు పెట్టి, బెంచీ మీద పిల్ల పక్కన కూలబడింది. బెంచీ మీద ఉన్నవాళ్ళు ఆమెనూ, ఆమె నిలబడ్డ గేటునూ మార్చి మార్చి చూశారు. గేటు ఇంకా తెరిచే ఉంటే టీచరమ్మ వంగి మూసింది. ఆమె అప్పుడే అలసి గోడ దూకి వచ్చి ఉంది. మూసి, పిన్ని భుజం మీద చెయ్యి వేసి, తీయడం మరచిపోయినట్టు అలాగే ఉంచింది.

"నన్ను పంపుతారనుకున్నావా?" అంది పిల్ల.

"ఊఁ."

"గేటు కూడా కూర్చునే తీశా. లేవలేకపోయా."

ఇన్ని రోజుల్లో పిల్ల నోట ఆ మాట రావడం అదే మొదలు. పిన్ని తల తిప్పలేదు. ఇద్దరూ ఆ చివరకు చూస్తున్నారు. బిళ్ళ వాళ్ళ గోలు ముందే ఉంది. ఒకసారి స్తంభానికి తగిలి ఖణేల్ మంది. ఒకసారి వాళ్ళ కీపరు కింద ఉందో లేదో ఎవరికీ తెలియలేదు. వాళ్ళు ఒక్కసారి బిళ్ళను ఇటు తోస్తే చాలు, ఖాళీ వలలోకి అదే జారి పోతుంది. తోయలేకపోయారు. రేడియో వాళ్ళ వైపు నీలం గీత దగ్గర అడ్డం పడి, పడ్డచోటే పాక్కుంటూ, బిళ్ళను ఇవతలికి రానివ్వలేదు. ఈ జట్టు ఇంతసేపు ఆ చివరన ఉండటం పిన్ని ఎన్నడూ చూడలేదు.

బూర మోగింది. రెండు ఒకటి. పోయింది.

అవతలివాళ్ళు అరుస్తూ ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఇక్కడ ఒక్కొక్కరూ కర్రలు ఏరుకుని గీత మీదికి పోతున్నారు. వరసలో నిలబడి వాళ్ళ పాట వినాలి, చేతులు కలపాలి. పిన్నికి లేవాలని లేదు. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది. అయినా లేచి గేటు తీసింది.

"వాళ్ళ పాట ఇక్కడి నుంచి కూడా వినిపిస్తుంది. నువ్వు కూర్చో," అంది పిల్లతో.

"నా కోపం ఇంకా పోలేదు."

"ఉంచుకో. ఊరికి పోయాక డాక్టరు దగ్గరికి తీసుకుపోతా. దారంతా తిట్టు."

పిల్ల కాసేపు గీత మీద నిలబడ్డవాళ్ళను చూసింది. అందరూ ఉన్నారు. రెండు చోట్లు ఖాళీగా వదిలారు. ఎవరు చెప్పారో, చెప్పకుండానే జరిగారో తెలియదు.

పిల్ల చెయ్యి పైకి చాచింది.

"లేపు పిన్నీ," అంది.